బావి దగ్గరి పొదుపే అసలు పొదుపు

ఎండాకాలం వస్తే చాలు, కరెంటు పొదుపు ప్రకటనలు మొదలవుతాయి. గది దాటితే ఫ్యాను ఆపండి, ఎల్‌ఇడి బల్బులు పెట్టుకోండి అంటారు. మంచి మాటే. కానీ రైతు కుటుంబం వాడే కరెంటులో పెద్ద వాటా బల్బుది కాదు, మోటారుది. 5 హెచ్‌పి మోటారు గంట నడిస్తే సుమారు 4 యూనిట్లు కాలుతుంది. అదే 4 యూనిట్లతో 9 వాట్ల బల్బు 440 గంటలు వెలుగుతుంది. మడి నిండి నీళ్లు గట్టు దాటుతున్నా మోటారు ఒక్క గంట నడిచిందంటే, ఇంట్లో నెలంతా లైట్లు ఆర్పి మిగిల్చింది అక్కడే పోయినట్టు.

ఈ మాట అనగానే "ఉచితం కాబట్టే రైతు దుబారా చేస్తున్నాడు" అనేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఆటో స్టార్టర్ ఎందుకు పుట్టిందో తెలియదు. కరెంటు విడతలు విడతలుగా, అర్ధరాత్రి, ఎప్పుడొస్తుందో తెలియకుండా వచ్చేది. చీకట్లో బావి దగ్గరికి పోయి పాము కాటుకు, షాకుకు ఎంతోమంది రైతులు బలయ్యారు. ఆ భయంతోనే ఆటో స్టార్టర్లు బిగించుకున్నాం. సరఫరా ఎట్లా ఉంటే అలవాటు అట్లా తయారవుతుంది.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. ఆటో స్టార్టర్లు తీసేయాలని అప్పుడే ప్రభుత్వం కోరింది. పగలు కరెంటు నమ్మకంగా ఉన్న ఊళ్లో వాటితో ఇక పని లేదు. పైగా నష్టం మనకే. పోయిన కరెంటు తిరిగి రాగానే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. మొదలయ్యేటప్పుడు మోటారు లాగే కరెంటు, నడిచేటప్పటి కంటే కొన్ని రెట్లు ఎక్కువ. ఆ దెబ్బకు ఫ్యూజులు పోతాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. అది బాగయ్యేదాకా ఎండేది మన పంటే. అవసరం లేకుండా తోడిన నీళ్లు కూడా మన బోరువే.

అందుకే ప్రతి సభ్యుడూ ముందు తన మోటారు చూసుకోవాలి. ఆటో స్టార్టర్ తీసేయాలి. సరైన కెపాసిటర్ బిగిస్తే లైను మీద భారం తగ్గి లో వోల్టేజి బాధ తగ్గుతుంది. ఐఎస్ఐ మార్కు మోటారు, రాపిడి తక్కువుండే ఫుట్‌వాల్వు ఉంటే అంతే కరెంటుకు ఎక్కువ నీళ్లు వస్తాయి. ఇంట్లోనూ లెక్క ఉంది. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతిలో నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు, దాటితే మొత్తం కట్టాల్సిందే. 75 వాట్ల పాత ఫ్యాను బదులు 30 వాట్ల బిఎల్‌డిసి ఫ్యాను రోజుకు 10 గంటలు తిరిగితే నెలకు 13 యూనిట్లకు పైగా మిగులుతుంది. మూడు ఫ్యాన్లున్న ఇల్లు ఎండాకాలంలో గీత దాటకుండా ఉండటానికి అది చాలు.

అయితే బాధ్యత ఒక్క రైతుదే కాదు. వేళలు ముందే చెప్పి, ఆ వేళల్లో కోత లేకుండా కరెంటు ఇవ్వాలి. కాలిన ట్రాన్స్‌ఫార్మర్ కోసం రైతులు చందాలు వేసుకుని ట్రాక్టర్ కట్టే దుస్థితి పోవాలి. కెపాసిటర్లు డిస్కంలే ఉచితంగా బిగించాలి. ఇవేవీ చేయకుండా మోటార్లకు మీటర్లు పెడితే పొదుపు వస్తుందంటే ఒప్పుకోం.

2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పెంపుకు వ్యతిరేకంగా కదిలినవారి మీద కాల్పులు జరిగి ముగ్గురు ప్రాణాలిచ్చారు. 2004లో ఉచిత కరెంటు వచ్చిందంటే దాని వెనుక ఆ పోరాటం ఉంది. దుబారా సాకు చూపి దాన్ని లాక్కునే అవకాశం ఎవరికీ ఇవ్వొద్దు. వచ్చే నెల గ్రామ కమిటీ సమావేశాల్లో ట్రాన్స్‌ఫార్మర్ వారీగా కూర్చుని, ఎన్ని ఆటో స్టార్టర్లు ఉన్నాయో, ఎన్ని మోటార్లకు కెపాసిటర్లు లేవో రాసుకుందాం. ఆ జాబితా చేతిలో పట్టుకుని సబ్‌స్టేషన్‌కు పోతే మన మాటకు బలం ఉంటుంది.