సోడా గ్యాసుకు ఖజానా, యూరియాకు చెప్పుల వరుస

మొన్న హైదరాబాదులో మాసబ్ ట్యాంక్ దగ్గర సంక్షేమ భవన్‌లో మహజరు ఇచ్చి బయటికొచ్చాం. ఎండకు తాళలేక తలా ఒక సోడా తాగాం. (అక్కడ ఒకప్పుడు నిజంగానే చెరువు ఉండేది, ఇప్పుడు పేరే మిగిలింది.) మాతో వచ్చిన కూలీ అక్క ఒకామె "ఈ బుస్సుమనేది ఏందన్నా?" అనడిగింది. యూరియాకు తోబుట్టువు అన్నాను. నవ్వులాట అనుకుంది. కాదు.

ఎరువుల ఫ్యాక్టరీలో సహజవాయువు నుంచి అమ్మోనియా తీస్తారు. దాంతోపాటే బొగ్గుపులుసు వాయువు వస్తుంది. రెంటినీ కలిపితే యూరియా. ఆ వాయువునే శుద్ధిచేసి సిలిండర్లకెక్కిస్తే సోడా, బీరు, కూల్‌డ్రింకు.

బ్రిటన్‌లో ఆ దేశానికి కావలసిన ఈ వాయువులో సుమారు 60 శాతం, అమెరికా కంపెనీ సీఎఫ్ వారి రెండు ఎరువుల ఫ్యాక్టరీలు, బిల్లింగ్‌హామ్, ఇన్స్, ఇచ్చేవి. 2021 సెప్టెంబరులో సహజవాయువు ధర మండింది. గిట్టుబాటు కాదని కంపెనీ పని ఆపేసింది. పానీయాల కంపెనీలు, మాంసం కంపెనీలు గగ్గోలు పెట్టాయి. పొద్దున లేస్తే మార్కెట్టే దేవుడని చెప్పే ప్రభుత్వం వారం తిరగకముందే ఒప్పందం చేసుకుంది. మూడు వారాలపాటు ఫ్యాక్టరీ నడిపే ఖర్చు ఖజానా భరిస్తుందని! సొమ్ము ప్రజలది, పెత్తనం కంపెనీది. 2022లో ఇన్స్‌ను శాశ్వతంగా మూసేస్తామనీ, 2023లో బిల్లింగ్‌హామ్‌లో అమ్మోనియా తయారీ ఆపేస్తామనీ అదే కంపెనీ ప్రకటించింది.

ఇక మన సంగతి. 1999లో మూతపడ్డ రామగుండం 2021లో మళ్లీ నడిచింది. ఏటా 12.7 లక్షల టన్నుల సామర్థ్యం. అందులో రాష్ట్ర ప్రభుత్వానికీ 11 శాతం వాటా ఉంది. 2025 ఆగస్టులో, సరిగ్గా వరికి యూరియా వేసే అదునులో, యంత్రలోపంతో ఆగింది. దిగుమతులూ సమయానికి రాలేదు. కేంద్రం రాష్ట్రాన్ని అంది, రాష్ట్రం కేంద్రాన్ని అంది. మనవాళ్లు తెల్లవారుజాము నుంచి సొసైటీల ముందు చెప్పులు వరుసలో పెట్టి కూర్చున్నారు. 266 రూపాయల 50 పైసల బస్తా కోసం రెండు మూడు రోజుల కూలి పోగొట్టుకున్నవాళ్లను నేనే చూశాను. చాలాచోట్ల పట్టాదారు పాసుపుస్తకం చూపమన్నారు. కౌలుదారు ఎక్కడ తెస్తాడు? పైరు ఎర్రబడితే ఆసామి ముందు కోసేది కూలీ డబ్బులే గదా.

సోడా బండివాడి మీద మనకు పగ లేదు. అతనూ రెక్కాడితేగాని డొక్కాడనివాడే. కానీ బీరుకు గ్యాసు తగ్గితే వారంలో కదిలే ఖజానాలు, అన్నం పండించే ఎరువు తగ్గితే ఎందుకు కదలవు?

వానాకాలానికి ముందే రామగుండం మరమ్మతులు పూర్తి కావాలి. బస్తాలు అదునుకు ముందే సొసైటీకి చేరాలి. పాసుపుస్తకంతో పనిలేకుండా కౌలుదారుకు ఇవ్వాలి. గోదాములో ఎన్ని బస్తాలున్నాయో రోజూ పొద్దున సొసైటీ గోడ మీద సుద్దముక్కతో రాయాలి. ఈసారి మహజరులో మొదటిమాట అదే పెడుతున్నాం.