కరణం చెయ్యి ఇంకా పోలేదు



పోయిన వారం మా ఫైనలియర్ అమ్మాయి స్టాఫ్‌రూమ్‌కి వచ్చి ఫోన్ చూపించింది. ఆర్థిక సాయానికి ఆన్‌లైన్ దరఖాస్తు. అన్నీ నింపింది, ఆధార్ ఓటీపీతో ఈ-సైన్ కూడా చేసింది. కింద ఎర్ర అక్షరాలు: పేరు సరిపోలలేదు. "నేను నేనే కదా సార్?" అంది.

మా అనకాపల్లి చుట్టుపక్కల నూకాలమ్మ తల్లి పేరు పెట్టుకోని వీధి ఉండదు. నూకరాజు, నూకరత్నం, నూకాలు. ఈ అమ్మాయి పేరూ అలాంటిదే. తెలుగులో ఒకటే 'నూ'. ఇంగ్లీషుకొచ్చేసరికి ఆధార్ సెంటర్ కుర్రాడు 'యు' కొట్టాడు, బడిలో మాస్టారు రెండు 'ఓ'లు పెట్టారు. ఒకచోట ఇంటిపేరు మొత్తం ఉంది, ఇంకోచోట పొడి అక్షరమే. ఈ రెండూ ఆమె రాసుకున్నవి కావు.

ఈ-సైన్‌లో జరిగేది ఇది. ఓటీపీ కొట్టగానే సంతకం సర్టిఫికెట్ ఆధార్‌లో ఉన్న పేరు మీద తయారవుతుంది. దాన్ని ఫారంలోని పేరుతో పోర్టల్ పోల్చి చూస్తుంది. అంటే సంతకం పెట్టింది ఎవరన్నది ఓటీపీతోనే తేలిపోయింది. ఆమె ఆగిపోయింది స్పెల్లింగ్ దగ్గర.

మా తాత కాగితం మీద వేలిముద్ర వేస్తే పక్కన పేరు కరణం రాసేవాడు, చివర 'గాడు' తగిలించి మరీ. వేలు తాతది, పేరు కరణానిది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దు చేసింది. ఇప్పుడు ఓటీపీ మనది, పేరు మాత్రం ఇంకెవరో కొట్టింది.

"యంత్రానికి కులం లేదు కదా" అంటారు కొందరు మిత్రులు. లేదు, సరే. కానీ ఆధార్ ధృవీకరణ సాంకేతిక పత్రాల్లోనే పేరు కొంత శాతం కలిసినా ఒప్పుకునే ఏర్పాటు ఉంది. స్థానిక భాషలో, అంటే తెలుగులోనే, పేరు పోల్చే ఏర్పాటూ ఉంది. అక్షరం పొల్లు పోకూడదన్నది పోర్టల్ కట్టించిన మనుషుల నిర్ణయం. తేడా వస్తే కాగితాలు చూసి తేల్చడానికి ఒక మనిషిని కూర్చోబెట్టొచ్చు. పెట్టలేదు. ఆ ఖర్చును మన పిల్లల బస్సు ఛార్జీల మీద, అమ్మానాన్నలు పోగొట్టుకునే కూలి మీద వేశారు. తాత నాటి నుంచీ చదువున్న ఇళ్ళలో పేరు ఒకే స్పెల్లింగుతో నడుస్తుంది. వాళ్ళకి ఈ ఎర్ర అక్షరాలు కనబడవు. (మన ఇళ్ళలో కొందరికి చర్చిలో ఒక పేరు, కుల ధృవపత్రంలో ఇంకో పేరు ఎందుకుంటాయో చెప్పాలంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరాతో మొదలుపెట్టాలి. అది మరోసారి.)

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, కంగారుపడి ఆధార్ మార్చేయకండి. పేరు మార్పుకు ఉన్నవి రెండే అవకాశాలు, జీవితం మొత్తానికి. పదో తరగతి మెమోలో ఎలా ఉందో అక్షరం అక్షరం అలాగే చేయించుకోండి, మెమో మార్పించడం ఇంకా కష్టం. దరఖాస్తు తిప్పికొడితే కారణం రాసిమ్మని అడగండి.

ఆ అమ్మాయి మర్నాడు క్లాసు మానేసి ఆధార్ సెంటర్‌కి వెళ్ళింది. రెండింట్లో ఒక అవకాశం అయిపోయింది. బ్యాంకు పాస్‌బుక్ మాత్రం ఇంకా పాత స్పెల్లింగ్‌లోనే ఉంది.