బోర్డు మీద రాయని అద్దె

పిల్లల పరీక్షలు అయిపోగానే హైదరాబాద్ కాలనీల్లో తరచూ కనిపించే దృశ్యం ఇది. భర్త బండి ఆపుతాడు, వెనక కూర్చున్న భార్య టులెట్ బోర్డు మీది నంబరుని సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకుంటుంది. ఖమ్మం నుంచో, కర్నూలు నుంచో, శ్రీకాకుళం నుంచో కొత్త ఉద్యోగానికి వచ్చిన సంసారం. ఫోన్ కలవగానే మొదటి ప్రశ్న 'అద్దె ఎంతండీ?' అడగాల్సిందే. కానీ జవాబుగా వచ్చే అంకెతో లెక్క పూర్తి కాదు. మిగతాది బోర్డు మీద రాయరు, ఫోన్‌లో చెప్పరు.

మియాపూర్ మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగేంత దూరంలో సింగిల్ బెడ్రూం 13 వేలు చెప్పారనుకుందాం. ఇంకాస్త లోపలికి, బాచుపల్లి వైపు పోతే అలాంటిదే 10 వేలకు దొరికింది. నెలకి మూడు వేలు మిగులు అని సంబరపడతాం. ఆలుమగలిద్దరూ ఉద్యోగస్తులై, స్టేషన్‌దాకా షేర్ ఆటోకి ఒక్కొక్కరికీ రోజుకి రానుపోను 60 రూపాయలైతే? పాతిక రోజులకి ఇద్దరికీ సరిగ్గా మూడు వేలు! మిగిలింది గుండుసున్నా, పైగా ప్రయాణం బడలిక. అదే ఆఫీసు రాయదుర్గం వైపైతే, ఊరికి ఆ చివరెక్కడో ఉన్నాయని నాగోలు, ఉప్పల్‌లను కొట్టిపారేయక్కర్లేదు. అక్కణ్నుంచి ఒకే మెట్రో రైలు, మధ్యలో మారే పనిలేదు. ఎన్నిసార్లు దిగి ఎక్కాలో లెక్కపెట్టుకోండి. ఆడవాళ్లకి బస్సు ఖర్చు సంగతి కూడా ఉంది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. అయితే కార్డు మీద తెలంగాణ చిరునామా ఉండాలి. ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చినవారు చిరునామా మార్చుకోవాలంటే ఏదో ఒక రుజువు కావాలి కదా, కాబట్టి ఓనరు అగ్రిమెంటు రాసిస్తాడో లేదో ముందే అడగండి. కొందరు నోటిమాట చాలంటారు.

తర్వాత నీళ్లు. ఇక్కడివాళ్లు కుళాయి నీళ్లని ఇప్పటికీ 'మంజీరా' అనే అంటారు, వచ్చేవి ఎక్కువగా కృష్ణా, గోదావరి నీళ్లే అయినా. 'మంజీరా ఉందా, బోరా?' అంటే ఓనరు 'రెండూ ఉన్నాయి' అనే చెబుతాడు. ఎండాకాలంలో ట్యాంకరు తెప్పిస్తారా, ఆ డబ్బు మెయింటెనెన్సులో కలుపుతారా అన్నది వాచ్‌మన్‌నో, వీధి చివర ఇస్త్రీ బండి అతన్నో అడగండి. వాళ్లకి దాచాల్సిన అవసరం లేదు. కరెంటుకి విడి మీటరుంటే సరే. ఒకే సర్వీసు మీద రెండు మూడు పోర్షన్లుండి సబ్‌మీటరు లెక్కన వసూలు చేస్తుంటే మాత్రం అందరి వాడకం కలిసి స్లాబు పెరుగుతుంది. పొదుపుగా వాడినవాళ్లూ పై రేటే కట్టాల్సి వస్తుంది.

అన్నిటికన్నా ఖరీదైన మాట ఇంకొకటుంది. ఇల్లంతా చూపించి, అద్దె చెప్పి, గుమ్మం దాటుతుండగా మెల్లగా అడుగుతారు, 'ఇంతకీ మీరేమిట్లు?' అని. కొందరు కాస్త మర్యాదగా 'వెజిటేరియన్లకే ఇస్తామండీ' అంటారు. పేరు చెప్పగానే ముస్లిం అని తెలిస్తే ఆ ప్రశ్న కూడా ఉండదు. 'నిన్ననే ఇచ్చేశాం' అంటారు, బోర్డు మాత్రం మర్నాడూ వేలాడుతూనే ఉంటుంది. ఒంటరిగా ఉద్యోగం చేసుకునే ఆడపిల్లకీ, పెళ్లికాని కుర్రాళ్లకీ ఇలాంటి జవాబులే. ఎవరిల్లు వాళ్లిష్టం అని చాలామంది సర్దుకుపోతారు. నేను సర్దుకోలేను. పది ఇళ్లతో అయిపోవాల్సిన వేట ముప్ఫై ఇళ్లదాకా పోతుంది. అంతవరకూ లాడ్జిలోనో, చుట్టాలింట్లోనో ఉండాలి. చివరికి ఎవరికీ పట్టని చీకటి పోర్షన్‌ని మంచి ఇంటి అద్దెకే ఒప్పుకోవాలి. ఈ పేజీ చదివేవారిలో సొంతిళ్లు అద్దెకిచ్చేవారూ ఉంటారు. ఏం ఉద్యోగం, ఎంతమంది ఉంటారు, అద్దె ఏ తారీఖుకి ఇస్తారు- ఇవి అడగండి, తప్పులేదు. కులం తెలిస్తే అద్దె ఒకటో తారీఖునే వస్తుందా?

మన పట్టింపుల్లో అద్దెకొచ్చేవాళ్లకి కలిసొచ్చేవీ లేకపోలేదు. ఆషాఢంలో కొత్తింట్లో పాలు పొంగించడానికి జనం జంకుతారు. భాద్రపదం, పుష్యం కూడా అంతే. అప్పుడు ఖాళీ అయిన ఇల్లు ఊరికే పడుంటుంది, ఓనరుకి ప్రతి నెలా నష్టమే. శూన్యమాసమన్న బెంగ లేనివారు ఆ రోజుల్లో వెళ్లి బేరమాడితే వెయ్యో, పదిహేనువందలో తగ్గించే అవకాశముంది. దక్షిణం వాకిలి ఇళ్లదీ ఇదే కథ. అందరూ తూర్పు వాకిలి కోసం ఎగబడుతుంటే ఇవి మిగిలిపోతుంటాయి. గాలీ వెలుతురూ బాగుంటే నిశ్చింతగా దిగిపోవచ్చు.

ఇక అడ్వాన్సు. బెంగళూరు వెళ్లిన మనవాళ్లని కదిపితే పది నెలల అద్దె అడిగే ఓనర్ల కథలు చెబుతారు. హైదరాబాద్ ఆ విషయంలో నయం, చాలాచోట్ల రెండు నెలలతో సరిపెడతారు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా ఇళ్లకి రెండు నెలలు మించొద్దనే చెప్పింది, కాకపోతే రాష్ట్రం చట్టం చేస్తేనే అది అమల్లోకొస్తుంది. పేచీ వచ్చేది ఇచ్చేటప్పుడు కాదు, ఖాళీ చేసేటప్పుడు. పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ రివాజు. ఎంత పట్టుకుంటారు, ఎన్నాళ్లుంటే పట్టుకోరు అన్నది అగ్రిమెంటులో రాయించండి. సామాన్లు దించకముందే ప్రతి గదినీ గోడల మరకలతో సహా ఫొటోలు తీసి ఓనరుకి పంపేయండి. వంటింట్లో కుళాయి కారుతుంటే దాన్ని కూడా.