కాఫీ కప్పుల నుంచి కాంట్రాక్టు దాకా

పత్రికల క్రీడా పేజీల్లో ఒక యువ క్రీడాకారిణి కథ దాదాపు ఎప్పుడూ ఒకే పద్ధతిలో నడుస్తుంది. చిన్ననాటి నుంచీ ఆటంటే ప్రాణం, పట్టుదల, తల్లిదండ్రుల ప్రోత్సాహం, చివరికి విజయం. జర్మనీ ఫుట్‌బాల్ ఫార్వర్డ్ క్లారా బ్యూల్ గురించి కూడా అలాగే రాయొచ్చు. ఆమె 2000 డిసెంబర్‌లో బవేరియాలోని హాస్‌ఫుర్ట్‌లో పుట్టింది. 2016లో, 15 ఏళ్ళ వయసులో, ఫ్రైబుర్గ్ క్లబ్బు తరఫున దేశంలోని అత్యున్నత మహిళా లీగ్‌లో అడుగుపెట్టింది. 18 ఏళ్ళకే 2019 ప్రపంచ కప్ జట్టులో చోటు సంపాదించింది. 2020లో బయర్న్ మ్యూనిక్‌కు మారి, ఆ జట్టుతో 2021, 2023, 2024, 2025లలో లీగ్ గెలిచింది. 2022 యూరోపియన్ పోటీల్లో స్పెయిన్ మీద మూడో నిమిషంలోనే గోల్ కొట్టింది. సెమీఫైనల్ ముందు కోవిడ్ సోకి, ఆ మ్యాచ్‌కూ ఫైనల్‌కూ దూరమైంది. 2024 ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టులో ఆమె ఉంది.

ఇదంతా నిజమే. ఆమె ప్రతిభ గురించి ఎవరికీ సందేహం లేదు. కానీ ఒక స్త్రీ ఆటను వృత్తిగా చేసుకుని బతకడానికి ప్రతిభ ఒక్కటే చాలుతుందా? ఈ ప్రశ్న వేసుకోకపోతే ఆమె కథ సగమే మనకు తెలుస్తుంది.

ఇదే ప్రతిభ గల ఆడపిల్ల 1940లో పుట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. 1955 నాటికి ఆమెకు 15 ఏళ్ళు, అంటే బ్యూల్ లీగ్‌లోకి వచ్చిన వయసే. సరిగ్గా ఆ ఏడాది జూలైలో పశ్చిమ జర్మనీ ఫుట్‌బాల్ సంఘం స్త్రీల ఆటను నిషేధించింది. తమ కింద ఉన్న క్లబ్బులేవీ మహిళా జట్లు పెట్టకూడదనీ, వాళ్ళకు మైదానాలు ఇవ్వకూడదనీ, రిఫరీలు వాళ్ళ మ్యాచ్‌లకు వెళ్ళకూడదనీ తీర్మానించింది. చెప్పిన కారణాలు మనకు కొత్తవేం కావు. బంతి కోసం పోరాడితే స్త్రీల సౌకుమార్యం పోతుందట, శరీరానికీ మనసుకూ హాని జరుగుతుందట, ఒంటిని ప్రదర్శించడం మర్యాద కాదట. స్త్రీల శరీరాల మీద పెత్తనం చెలాయించేవాళ్ళు ఎప్పుడూ వాళ్ళ క్షేమం పేరుతోనే ఆ పని చేస్తారు. నిషేధం 1970 అక్టోబర్ దాకా సాగింది. అప్పటికి మనం ఊహించిన ఆ అమ్మాయికి 30 ఏళ్ళు. ఫార్వర్డ్‌గా ఆడాల్సిన వయసంతా అందులోనే కరిగిపోయి ఉండేది.

అయినా స్త్రీలు ఆగలేదు. సంఘంతో పని లేకుండా సొంతంగా జట్లు కట్టుకుని ఆడారు. 1956 సెప్టెంబర్‌లో ఎసెన్ నగరంలో నెదర్లాండ్స్ జట్టుతో జరిగిన మ్యాచ్‌కు 18,000 మంది వచ్చారు. 1957లో మ్యూనిక్‌లో జరిగిన మరో మ్యాచ్‌కు 17,000 మంది వచ్చారు. ఈ రెండు అంకెలనూ గుర్తు పెట్టుకోవాలి. వీటితో తర్వాత పని ఉంది.

1970లో నిషేధం ఎత్తివేసింది ఎవరికో మనసు కరిగి కాదు. స్త్రీలు తమ సొంత సంఘం పెట్టుకుని చెయ్యిజారిపోతారేమోనన్న భయం అందుకు పెద్ద కారణం. ఎత్తివేసినా షరతులు పెట్టారు. ఆట 70 నిమిషాలే ఆడాలి, బంతి తేలికగా ఉండాలి, చలికాలమంతా ఆట ఉండకూడదు. 1981లో తైవాన్‌లో జరిగిన అంతర్జాతీయ పోటీకి పంపడానికి సంఘానికి మహిళా జాతీయ జట్టే లేదు. బెర్గిష్ గ్లాడ్‌బాఖ్ క్లబ్బు స్త్రీలు వెళ్ళి కప్పు గెలుచుకొచ్చారు. ఆ తర్వాతే, 1982లో, మొదటి అధికారిక జాతీయ జట్టు మైదానంలోకి దిగింది.

1989లో ఆ జట్టు ఓస్నాబ్రూక్‌లో సుమారు 22,000 మంది ఎదుట నార్వేను 4-1తో ఓడించి యూరోపియన్ చాంపియన్ అయింది. అందుకు సంఘం ఒక్కొక్కరికీ ఇచ్చిన బహుమతి ఒక కాఫీ సెట్టు. పూల బొమ్మల పింగాణీ కప్పులు, సాసర్లు. ఆడపిల్లను చీరె, గాజులు పెట్టి సాగనంపినట్టుంది ఈ మర్యాద. పనికి ప్రతిఫలం చెల్లించడం వేరు, కానుక ఇవ్వడం వేరు. కానుకకు కృతజ్ఞతే చెప్పాలి, చాలదని అడగడానికి ఉండదు. స్త్రీల శ్రమను ఇంట్లోనైనా బయటైనా ప్రేమగానో సరదాగానో లెక్కగట్టి, జీతం అనే మాట రాకుండా చూడటం పితృస్వామ్యానికి బాగా అలవాటైన పద్ధతి.

ఆ మరుసటి ఏడాది, 1990లో, మహిళా లీగ్ మొదలైంది. అంటే బ్యూల్ పుట్టేనాటికి దాని వయసు పదేళ్ళు. ఆమె తనకు తానే దారి వేసుకున్నదని రాసేవాళ్ళు ఈ సంగతి మర్చిపోతారు. ఆమె పరుగెత్తిన దారిని వేసినవాళ్ళలో చాలామందికి కప్పులు, సాసర్లు తప్ప ఏమీ దక్కలేదు. అంతకు ముందు తరానికి అవి కూడా లేవు.

ఇక నేటి వాదన చూద్దాం. 2022లో యూరోపియన్ టైటిల్ గెలిస్తే ఒక్కొక్క క్రీడాకారిణికి ఇస్తామని జర్మన్ సంఘం ప్రకటించిన బోనస్ 60,000 యూరోలు. అంతకు ముందు ఏడాది పురుషుల జట్టు గెలిచి ఉంటే ఒక్కొక్కరికీ 4,00,000 యూరోలు వచ్చేవి. అప్పటి చాన్సలర్ ఓలాఫ్ షోల్జ్ ఇద్దరికీ సమాన వేతనం ఉండాలని బహిరంగంగా అన్నారు. దానికి వచ్చిన జవాబు మనం ఊహించగలిగిందే: పురుషుల ఆట డబ్బు తెస్తుంది, స్త్రీల ఆట తేదు, ఇది వివక్ష కాదు, మార్కెట్.

ఈ జవాబును తేలిగ్గా కొట్టిపారేయలేం. ఆదాయాల మధ్య తేడా ఉన్నమాట వాస్తవం. అయితే ఆ తేడా ఎక్కణ్ణించి వచ్చిందని అడగాలి. 1956లో 18,000 మంది, 1957లో 17,000 మంది వచ్చారంటే ప్రేక్షకులు అప్పుడే ఉన్నారు. లేకుండా చేసింది మైదానాలను. ఒక దుకాణాన్ని పదిహేనేళ్ళు మూయించి, తర్వాత దాని అమ్మకాలు తక్కువని ఎత్తిపొడవడాన్ని మార్కెట్ న్యాయం అంటారా? బయర్న్ మహిళా జట్టు ఏళ్ళ తరబడి మామూలు లీగ్ మ్యాచ్‌లు ఆడింది 2,500 మంది పట్టే మైదానంలో. అదే నగరంలో 1957లో 17,000 మంది చూశారు. 2025 సెప్టెంబర్‌లో అదే క్లబ్బు పెద్ద స్టేడియం తలుపులు స్త్రీలకు తెరిస్తే 57,762 మంది వచ్చారు. 2022 ఫైనల్‌ను జర్మనీలో దాదాపు 1.8 కోట్ల మంది టీవీలో చూశారు. ఆ ఏడాది ఆ దేశంలో అత్యధికులు చూసిన ప్రసారం అదే.

మార్కెట్‌కు మరో ముఖం కూడా ఉంది. 2019 ప్రపంచ కప్‌కు ముందు జర్మన్ క్రీడాకారిణులతో ఒక బ్యాంకు ప్రకటన తీసింది. తమ పేర్లు కూడా తెలియని దేశం కోసం ఆడుతున్నామని వాళ్ళు అందులో అంటారు. పాత పింగాణీ కప్పుల ప్రస్తావన కూడా వస్తుంది. ఆ ప్రకటన చాలామందిని కదిలించింది. కానీ స్త్రీల ఫిర్యాదు కూడా అమ్ముడుపోయే సరుకైనప్పుడు మనం కొంచెం జాగ్రత్తగా ఉండాలి. ప్రకటనకు చప్పట్లు కొట్టినంత మాత్రాన ఎవరి జీతమూ పెరగదు.

అంతకన్నా ముఖ్యమైన విషయం స్త్రీల మధ్య ఉన్న తేడాలు. పెద్ద క్లబ్బులో ఆడిన బ్యూల్ పరిస్థితి వేరు, అదే లీగ్‌లో అట్టడుగు జట్టు అమ్మాయి పరిస్థితి వేరు. జర్మనీ కెప్టెన్‌గా పేరు తెచ్చుకున్న అలెక్సాండ్రా పాప్ ఆడుతూనే జంతు ప్రదర్శనశాలలో జంతువులను చూసుకునే పనిలో శిక్షణ పొందింది. ఆట అన్నం పెడుతుందన్న హామీ లేనప్పుడు చేతిలో ఇంకో పని ఉంచుకోక తప్పదు. సమాన బోనస్ అనే డిమాండ్ జాతీయ జట్టులోని ఇరవై ముప్ఫై మందికి సంబంధించింది. కనీస వేతనం అనే డిమాండ్ లీగ్‌లో అందరికీ సంబంధించింది. స్పెయిన్ క్రీడాకారిణులు ఈ సంగతి గ్రహించి 2019లో సమ్మె చేశారు. మరుసటి ఏడాది సమష్టి ఒప్పందంతో ఏడాదికి 16,000 యూరోల కనీస వేతనం సాధించారు. 2023లో మళ్ళీ సమ్మె చేసి దాన్ని 21,000కు పెంచుకున్నారు. రెండుసార్లూ వాళ్ళు ఆటగత్తెలుగా కాక కార్మికులుగా మాట్లాడారు కాబట్టే అది సాధ్యమైంది.

ప్రసూతి హక్కు విషయమూ అంతే. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య 14 వారాల ప్రసూతి సెలవు, కనీసం మూడింట రెండు వంతుల జీతం తప్పనిసరి చేసింది 2021 నుంచి మాత్రమే. ఐస్‌లాండ్ క్రీడాకారిణి సారా బ్యోర్క్ గున్నార్స్‌దోతిర్ గర్భంతో ఉన్నప్పుడు లియోన్ క్లబ్బు ఆమెకు పూర్తి జీతం చెల్లించలేదు. ఆమె ఫిర్యాదు చేస్తే 82,000 యూరోలకు పైగా చెల్లించాలని ఆ సమాఖ్య ఆదేశించింది. ప్రపంచ స్థాయి క్రీడాకారిణికే పోరాడితే గాని రాని జీతం, ఏజెంటూ లాయరూ లేని అమ్మాయికి ఎలా వస్తుంది?

కాబట్టి క్లారా బ్యూల్ లాంటి యువతి గోల్ కొట్టినప్పుడు మనం సంతోషించడంతో పాటు కొన్ని ప్రశ్నలు కూడా వేయాలి. ఆమె జట్టులో అందరికన్నా తక్కువ జీతం ఎంత? మోకాలు విరిగితే ఆమె ఖర్చు ఎవరు భరిస్తారు? ఆమె తల్లి కావాలనుకుంటే కాంట్రాక్టు ఏం చెబుతుంది? వాళ్ళు ఏ మైదానంలో, ఏ వేళ ఆడుతున్నారు, ఆ వేళను ఎవరు నిర్ణయించారు? క్రీడా పేజీలు రాసేవాళ్ళు ఈ ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాలి. వాళ్ళు అడిగేదాకా చదివే మనం అడగాలి.