తొడుగుల పరిశ్రమయు, గీతల విద్యయు

2025 ఆగస్టు 12వ తేదీన కేంద్ర మంత్రివర్గము ఆంధ్రప్రదేశమున నొక సెమీకండక్టరు కర్మాగారమునకు అనుమతి నొసగెను. కొరియా దేశపు కంపెనీతో కూడి ఏఎస్ఐపీ టెక్నాలజీస్ వారు అచట సంవత్సరమునకు 9 కోట్ల 60 లక్షల చిప్పులకు తొడుగులు వేయుదురట. సంతోషమే. కాని చిప్పుపై గీతలు గీయు విద్య వేరు, గీచిన చిప్పునకు తొడుగు వేయు పని వేరు. రెండవది వచ్చుచుండగా మొదటిదియే వచ్చినదని జేగంటలు మ్రోగించువారిని వారింపక తప్పదు.

మిక్కిలి సన్నని గీతల కొరకు ప్రపంచమున నొక చిత్రమైన మార్గము పరిశోధింపబడుచున్నది. పాలీస్టైరీను, పాలీమిథైల్ మెథాక్రిలేటు అను రెండు పాలిమరు గొలుసులను కొనకు కొన ముడివేసి, పలుచని పొరగా పూసి, సుమారు 250 డిగ్రీల వేడిలో నుంచినచో, నూనెయు నీరును వలె విడిపోదలచియు విడిపోజాలక, అవి తమంతట తామే చాళ్లు తీరును. 84 నానోమీటర్ల కొక గీత ముందుగా దారి చూపినచో, పొర 28 నానోమీటర్ల కొక చాలు నేర్పరచును. ఒకటి గీచినచోట మూడు! ఇంత చౌకబేరమును కర్మాగారములు విరివిగా నేల చేపట్టలేదు? దోషములవలన. నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర నేయువాడు పడుగున తెగిన పోగును కనిపెట్టి అతికించుకొనగలడు. ఈ పొరలో దారి తప్పిన చాలును అతుకగల చేయి లేదు. పరిశ్రమవారు పెట్టుకొన్న హద్దు 100 చదరపు సెంటీమీటర్లకు ఒక్క దోషము; అనగా 300 మిల్లీమీటర్ల పలక యంతటిపైని ఏడు.

ఇవి విధివ్రాతలు కావు. పొర పూర్తిగా సమస్థితికి వచ్చినచో దోషములు దాదాపు ఉండరాదని గణితమే చెప్పుచున్నది. వేడి చాలకయో, అడుగుపూత పొసగకయో, దారిగీతల యెడము గొలుసు పొడవునకు సరిపడకయో, పాలిమరులో మలిన ముండియో చాళ్లు నడిదారిలో చిక్కుకొనిపోవును. ఈ చిక్కుల మర్మ మెరుగుటకు వేలకోట్ల యంత్రము వలదు. తేమ సోకని గాజుపాత్రలు, శుద్ధమైన మోనోమరులు, వేడిపలక, ఒక అటామిక్ ఫోర్సు మైక్రోస్కోపు, దోషములు లెక్కించు నోపిక గల విద్యార్థులు: తొలిపనికి ఇవి చాలును.

మదనపల్లెలో, కుప్పములో ఇట్టి విద్యయా యని నవ్వువారు కలరు. 1915లో మదనపల్లెలో కళాశాల పెట్టినప్పుడును నవ్వినవా రుండియే యుందురు. ప్రతివాదులకు మా సాక్ష్య మొకటి చాలును. పట్టుదారములోని ఫైబ్రాయిను సైతము తనంతట తాను కూర్చుకొను పాలిమరే. ఆ పట్టునే పొరగా పూసి, నీటితోనే కడిగి, నానోమీటర్ల గీతలు తీయవచ్చునని 2014లో అమెరికాలోని టఫ్ట్సు విశ్వవిద్యాలయమువారు లోకమునకు చూపిరి. పుంగనూరు, కుప్పము రైతులు మల్బరీ పెంచి తీసిన గూళ్లను మనము తూకమునకు అమ్ముకొనుచునే యున్నాము!

యంత్రము కొన్నంత మాత్రమున విద్య రాదనుటకు మొహాలీ నిదర్శనము. 1984లో ఉత్పత్తి నారంభించిన ఆ ప్రభుత్వ కర్మాగారము 1989లో అగ్నికి ఆహుతియై, పిమ్మట కోలుకొనియు, 180 నానోమీటర్ల యొద్దనే నిలిచిపోయినది.

తొడుగుల కంపెనీకి రాయితీలిచ్చు ప్రభుత్వము అందులో స్వల్పభాగమును మదనపల్లెలో నొక పాలిమరు ప్రయోగశాలకు కేటాయింపవలెను. మూడు పట్టణముల విద్యార్థులకును అందు ప్రవేశ ముండవలెను. చదరపు సెంటీమీటరునకు ఎన్ని దోషములు మిగిలినవో ఆ లెక్కను ఏటేటా ప్రకటింపవలెనని నిధుల యుత్తరువులోనే షరతుగా వ్రాయవలెను.