ఒత్తు పలకకపోతే తప్పా?

ఏడో తరగతిలో మా పక్క బెంచీ అమ్మాయి ‘భాష’ను ‘బాస’ అని చదివింది. మాస్టారు ఆమెను నిలబెట్టి, ఒత్తు పలికేదాకా మళ్ళీ మళ్ళీ అనిపించారు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ నెలలోనే ప్రకృతి–వికృతులు చెబుతూ అదే మాస్టారు బోర్డు మీద ‘భాష – బాస’ అని రాశారు. పరీక్షలో దానికి మార్కు కూడా వచ్చింది. ఆ అమ్మాయి మాత్రం ఆ ఏడాదంతా గొంతెత్తి చదవలేదు.

తెలుగువాళ్ళ ఉచ్చారణ చెడిపోయిందనే మాట ఇప్పుడు ఏ సభకు వెళ్ళినా వినిపిస్తుంది. తెలుగు భాషా దినోత్సవమని ఆగస్టు 29న, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి ఫొటోకు దండ వేసి, ఆ వేదిక మీదే పల్లె నోటిని ఆడిపోసుకుంటారు. దోషం, అపశబ్దం, గ్రామ్యం, ముద్దమాట, నత్తి, యాస అన్నిటినీ ఒకే గాటన కట్టి ‘తప్పు’ అనేస్తారు. ఇది అన్యాయం. నత్తి ఒంటికి సంబంధించిన ఇబ్బంది, దాన్ని వెక్కిరించడం క్రూరత్వం. యాస ఊరిచ్చింది. వికృతి మన భాష నడిచొచ్చిన దారి.

చిన్నయసూరి బాలవ్యాకరణంలో తెలుగుకు లెక్కగట్టిన వర్ణాలు 36. అందులో ఖ, ఘ, భ లాంటి ఒత్తక్షరం ఒక్కటీ లేదు. అవి సంస్కృత పదాల వెంట వచ్చాయి. వచ్చిన మాటను తెలుగు నోరు తనకు అనువుగా మలచుకుంది. భక్తి బత్తి అయింది, శ్రీ సిరి అయింది, యాత్ర జాతర అయింది. జాతర అన్నందుకు ఎవరినైనా ఎవరైనా తిడుతున్నారా? మన మాటలూ అంతే. క్రొత్త, ప్రొద్దు అని ఈ రోజు ఏ పత్రికా రాయదు.

ఇలా మారిన మాటకు పెట్టే అపభ్రంశం అనే పేరు మరీ పాతది. గౌః (ఆవు) అనే ఒక్క సంస్కృత మాటకు గావీ, గోణీ, గోతా అంటూ ఎన్నో అపభ్రంశాలున్నాయని పతంజలి మహాభాష్యంలో చెప్పాడు. తర్వాత ఆ పేరే ఒక సాహిత్య భాషకు స్థిరపడింది. స్వయంభూ అనే జైన కవి అందులోనే రామకథ రాశాడు.

ఇక తీర్పరుల నోరు చూద్దాం. ‘బ్రహ్మ’ అని రాసి ‘బ్రమ్హ’ అంటారు. చిహ్నం ‘చిన్హం’, జ్ఞానం ‘గ్నానం’. ఫలంలో ఫకారానికి పై పళ్ళు కింది పెదవిని తాకి, ఇంగ్లీషు ఎఫ్ పలుకుతుంది. ఱకూ రకూ తేడా పలికేవారు నాకు కనపడలేదు. చదువుకున్నవాళ్ళు అంటారు కాబట్టి ఇవేవీ తప్పుల పట్టీలోకి ఎక్కలేదు. ఉచ్చారణ పేరుతో తూచేది మనిషి కులాన్ని, ఊరిని, చదువుని.

నేర్పవలసింది అసలే లేదనను. కల వేరు, కళ వేరు. ళ మన సొంత అక్షరం, అర్థాన్ని మారుస్తుంది, ఓపిగ్గా నేర్పాలి. పద్యం పాడేవారికి, వార్తలు చదివేవారికి ఒత్తులూ కావాలి.

అయ్యా, పంతులుగారూ! పిల్ల ‘బాస’ అంటే అదీ మంచి తెలుగు మాటేనని ముందు చెప్పండి. పక్కనే ‘భాష’ అని రాసి చూపించండి. క్లాసు ముందు మాత్రం నిలబెట్టకండి.