కెమికల్ ఇంజనీరు కాగోరు విద్యార్థికి

పదియవ తరగతి పరీక్షలు ముగిసిన పిమ్మట నొక బాలుని తండ్రిగారు నాయొద్దకు వచ్చి, "అయ్యా, మావాడు కెమికల్ ఇంజనీరింగు చదివెదనని పట్టుపట్టియున్నాడు. ఆ చదువునకు జీతమెంత వచ్చునో సెలవియ్యవలయును" అని యడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. అప్పుచేసి చదివించు తండ్రి జీతమునుగూర్చి యడుగకుండునా? అయినను దానికంటె ముందుగా నడుగవలసిన ప్రశ్న వేఱొకటి కలదు. దానిని విద్యార్థుల యెదుటను, తలిదండ్రుల యెదుటను ఉంచుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

రసాయనశాస్త్రజ్ఞుడును కెమికల్ ఇంజనీరును ఒక్కటే యని పలువురు తలంతురు. అది పొరపాటు. గాజుకుప్పెలో గ్రాములకొలది పదార్థమును చేసిచూపుట మొదటివాని పని. దానినే టన్నులకొలది, చవుకగా, అపాయము లేకుండ, ప్రతిదినమును ఒకే గుణముతో తయారుచేయుట రెండవవాని పని. నలుగురికి వండు పద్ధతినే నాలుగువందలమందికి గుండిగలో నవలంబించినచో అడుగు మాడును, పైన పలుకు మిగులును. పెండ్లివంటవారు గాడిపొయ్యి త్రవ్వుటయు, సెగను కనిపెట్టుటయు వేఱొక విద్య. ఇంజనీరు విద్యయు నట్టిదే.

దీనికి లెక్క కలదు. పాత్రయొక్క పొడవు, వెడల్పు, ఎత్తులను 10 రెట్లు చేసినచో దాని ఉపరితలము 100 రెట్లగును. లోపలి పదార్థము 1000 రెట్లగును. వేడి పుట్టునది పదార్థమంతటను. వెలికిపోవునది ఉపరితలము గుండ మాత్రమే. కావున కుప్పెలో చల్లగా జరిగిన చర్యయే పెద్ద తొట్టిలో అదుపు తప్పవచ్చును.

ఈ విద్య యొక్క మేలును తెలిసికొనుటకు పెనిసిలిను కథ చాలును. అలెగ్జాండరు ఫ్లెమింగు 1928లో దానిని కనుగొనెను. 1941లో ఆక్సుఫర్డునందు ప్రాణాపాయస్థితిలోనున్న యొక పోలీసు ఉద్యోగికి ఆ మందునిచ్చిరి. అతడు కోలుకొనుచుండగనే మందు నిండుకొన్నది. అతని మూత్రమునుండి మిగిలినదానిని తీసి మరల నిచ్చిరి, అదియు చాలలేదు, అతడు మరణించెను. మందు తెలియక కాదు, మందు చాలక మరణించెను. ఆ కొఱతను తీర్చుటకు, బూజును లోతైన తొట్లలో శుద్ధమైన గాలి నంపుచు పెంచు పద్ధతి 1944లో అమెరికాయందు పెద్దయెత్తున నడిచెను. పెనిసిలిను కర్మాగారమునకు రూపకల్పన చేసిన ఇంజనీర్లలో మార్గరెట్ హచిన్సన్ రూసో యను స్త్రీ యొకరు. ఆమె 1937లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమునుండి కెమికల్ ఇంజనీరింగున డాక్టరు పట్టమందెను. ఆడపిల్లకు కర్మాగారమేల యను తలిదండ్రులు ఈమెను జ్ఞాపకముంచుకొందురుగాక.

మేలు ఎంతయో కీడును అంతయే. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాలులో మిథైల్ ఐసోసయనేటు తొట్టిలోనికి నీరు చేరినప్పుడు, దానిని చల్లబరచు యంత్రము అంతకుముందే ఆపివేయబడియుండెను. వేలకొలది జనులు ప్రాణములు కోల్పోయిరి. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణము చెంత వెంకటాపురమున నిలువయున్న స్టైరీను తనంతట తాను వేడెక్కి ఆవిరియై వెలువడగా 12 మంది మరణించిరి. ఆ తొట్టి యడుగుభాగముననే ఉష్ణోగ్రత కొలువబడుచుండుటచే పైభాగపు వేడి తెలియలేదు. కొలువవలసినచోట కొలువకపోవుట యెంతటి ఘోరమునకు దారితీయునో చూడుడు.

ఇపుడు మన ప్రయోగశాలకు వత్తము. బ్యూరెట్టులోని అంకెను చూడకయే ప్రక్కవాని పుస్తకమునుండి దించుకొను విద్యార్థులను ప్రతిసంవత్సరమును చూచుచున్నాను. వారిని మందలించు అర్హత నాకు సంపూర్ణముగా లేదు. శిక్షణ కళాశాలలో చదువు దినములలో నేనును ఒకమారు నాకు వచ్చిన అంకెను కొట్టివేసి స్నేహితుని అంకెను వ్రాసికొంటిని. మంచి మార్కులు వచ్చినవి. తరువాత తెలిసినదేమన, నాదే సరియైనది, అతనిదే తప్పు. ఆ దినమున ఎవరికిని హాని కలుగలేదు. తొట్టి పెద్దదైనచో కలిగెడిది.

మార్గము కష్టసాధ్యము కాదు. ఇంటర్మీడియెటులో గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు చదివి, ప్రవేశపరీక్షలో నెగ్గి, నాలుగేండ్ల బి.టెక్. చేయవచ్చును. కలిమిలేనివారు పదియవ తరగతి పిమ్మట పాలిటెక్నిక్కులో డిప్లొమా చేసి, మరియొక పరీక్ష వ్రాసి, బి.టెక్. రెండవ సంవత్సరమున చేరవచ్చును. నూనెశుద్ధి, ఎరువులు, ఔషధములు, కాగితము, చక్కెర, మంచినీటి శుద్ధి — అన్నిటను ఈ విద్యకు పని కలదు. విశాఖపట్టణపు నూనెశుద్ధి కర్మాగారము 1957 నుండియు నడుచుచున్నది. హైదరాబాదు పరిసరములలో ఔషధశాలలు పెక్కు గలవు. రాత్రివంతులుండును, ఊరికి దూరముగ నివసింపవలసివచ్చును. కంప్యూటరు పనిలో చేరిన తోటివాడు ముందుగా నెక్కువ సంపాదింపవచ్చును. ఈ సంగతులను దాచుట నాకిష్టము లేదు.

ఆ తండ్రిగారితో నేనిట్లంటిని: "అయ్యా, జీతము మాట తరువాత చూతము. మీవాడు తాను కొలిచిన అంకెనే వ్రాయునా? అది పదుగురి అంకెకు భిన్నమైనను, పైయధికారికి రుచింపకున్నను వ్రాయునా? వ్రాయునేని నిశ్చింతగా పంపుడు." ఆయన కొంతసేపు ఊరకుండి, "వానినే యడిగెదను" అని లేచి వెళ్లిరి. మీరును మీ బిడ్డలను అడుగుడు. బిడ్డలారా, రేపటి ప్రయోగపు గంటలో మీరే జవాబు చెప్పుడు.